అలెన్ బ్రెయిన్ అబ్జర్వేటరీ: డిగ్రీ తరగతికి బతికున్న మెదడును చూపించే సేవ

బతికున్న జంతువు మెదడులో ఏ నాడీకణం ఎప్పుడు చురుకుగా ఉంటుందో, ఎప్పుడు ఊరుకుంటుందో కణం కణంగా చూపించే టూ ఫోటాన్ మైక్రోస్కోప్ ఒక డిగ్రీ కళాశాల కొనగలిగిన వస్తువు కాదు. అయితే అటువంటి మైక్రోస్కోపులతో సేకరించిన సమాచారాన్ని అమెరికాలోని సియాటిల్ నగరంలో ఉన్న అలెన్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ బ్రెయిన్ సైన్స్ 2016 నుంచి అందరికీ ఉచితంగా అందిస్తోంది. ఈ సేవ పేరు అలెన్ బ్రెయిన్ అబ్జర్వేటరీ. నెల్లూరులో జంతుశాస్త్రం బోధించే అధ్యాపకుడిగా నేను దీనిని డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థులకు నాడీవ్యవస్థ పాఠం చెప్పేటప్పుడు వాడుతున్నాను. కావలి, ఆత్మకూరు, కందుకూరు, ఒంగోలు కళాశాలల్లో ఇదే పాఠం చెబుతున్న సహోద్యోగులకు ఇది ఎంతవరకు పనికివస్తుందో, ఎక్కడ జాగ్రత్త పడాలో చెప్పడానికే ఈ సమీక్ష రాస్తున్నాను.

మన తీరప్రాంత మండలాల విద్యార్థులకు మైక్రోస్కోప్ కొత్త కాదు. ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు నుంచి వచ్చేవారిలో రొయ్యల చెరువులున్న కుటుంబాల పిల్లలు చాలామంది ఉంటారు. రొయ్య జీర్ణగ్రంథి అయిన హెపాటోపాంక్రియాస్‌ను స్లైడు మీద నలిపి ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి బీజాలు ఉన్నాయేమోనని ఆక్వా ల్యాబులో వెతకడం వారు చూసిన పనే. కానీ అక్కడ చూసేదంతా చచ్చిన కణజాలం. మా ప్రయోగశాలలో పాత స్లైడుల మీద ఉన్న నాడీకణాలు కూడా రంగు వేసి గాజు కింద బిగించినవే కాబట్టి, కణం ఆకారం తెలుస్తుందే తప్ప అది చేసే పని తెలియదు. జంతుశాస్త్ర ప్రయోగశాలల్లో జంతువుల కోతలను ఆపాలని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2014లో ఆదేశించిన తరువాత, కప్ప కండరాన్ని, నాడిని తీసి విద్యుత్తుతో ప్రేరేపించే పాత ప్రయోగాలు కూడా పుస్తకంలో బొమ్మలుగానే మిగిలాయి. ఆ ఆదేశం సరైనదేనని నా అభిప్రాయం. అయితే దానివల్ల ఏర్పడిన ఖాళీని పూరించే బాధ్యత అధ్యాపకులదే. ఆ ఖాళీని నిజమైన కొలతలతో పూరించగల సాధనాలు చాలా తక్కువగా ఉన్నాయి. నేను చూసినంతలో వాటిలో ఇది అన్నిటికంటే మేలైనది.

సేవను అంచనా వేయాలంటే దాని వెనుక ఉన్న పరికరం ఏమి చేస్తుందో ముందు తెలియాలి. సాధారణ ప్రతిదీప్తి మైక్రోస్కోప్‌లో నీలికాంతి కణజాలంలోకి దిగినప్పుడు దారి పొడుగునా కణాల్లో ఉన్న వెలిగే గుణం గల ప్రొటీన్లన్నీ వెలుగుతాయి. పైగా మెదడు కాంతిని బాగా చెదరగొడుతుంది కాబట్టి కొద్ది లోతుకే చిత్రం మసకబారుతుంది. రెండు ఫోటాన్లను ఒక అణువు ఒకేసారి గ్రహించగలదని మరియా గోపెర్ట్ మేయర్ 1931లోనే సిద్ధాంతపరంగా చెప్పారు. దానిని మైక్రోస్కోప్‌గా మలచినవారు కార్నెల్ విశ్వవిద్యాలయంలోని విన్‌ఫ్రీడ్ డెంక్, జేమ్స్ స్ట్రిక్లర్, వాట్ వెబ్. వారి పరిశోధన 1990లో వెలువడింది. ఈ పద్ధతిలో అతి తక్కువ వ్యవధి గల పరారుణ లేజర్ మెరుపులను ఒక బిందువు మీద కేంద్రీకరిస్తారు. రెండు ఫోటాన్లు ఒకే క్షణంలో ఒకే అణువును తాకేంత సాంద్రత ఆ బిందువు దగ్గర మాత్రమే ఉంటుంది కనుక అక్కడి ప్రొటీన్ మాత్రమే వెలుగుతుంది. ఆ వెలుగు బయటికి వచ్చే దారిలో చెదిరిపోయినా ఇబ్బంది లేదు, ఎందుకంటే ఆ క్షణంలో వచ్చిన ఫోటాన్ ఏదైనా ఆ బిందువు నుంచే వచ్చిందని లెక్కించవచ్చు. బిందువును వరుసగా కదుపుతూ పోతే కొన్ని వందల మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోతులో ఉన్న కణాల పొర కూడా స్పష్టంగా కనబడుతుంది.

వెలిగే ప్రొటీన్ పేరు జీక్యాంప్. నాడీకణం స్పందించినప్పుడు కాల్షియం అయాన్లు లోపలికి వస్తాయి. జీక్యాంప్ కాల్షియంతో కలిసినప్పుడు ఆకుపచ్చగా ప్రకాశిస్తుంది. జపాన్‌లో జునిచి నకాయ్ బృందం దీని మొదటి రూపాన్ని 2001లో ప్రకటించింది. అమెరికాలోని జనీలియా పరిశోధన కేంద్రంలో తయారైన జీక్యాంప్6 రకాలు 2013లో వచ్చాయి. అలెన్ అబ్జర్వేటరీలో వాడినది వాటిలో వేగంగా స్పందించే 6ఎఫ్ అనే రకం. జన్యుమార్పిడి చేసిన చిట్టెలుకల్లో ఎంచుకున్న రకం కణాల్లోనే ఈ ప్రొటీన్ తయారవుతుంది కాబట్టి, చూస్తున్నది ఏ జాతి కణమో కూడా చాలావరకు తెలుస్తుంది.

ఇక ఇందులో ఉన్న సరుకు విషయానికి వస్తే, అది నిజంగా విస్తారమైనది. 243 చిట్టెలుకల మెదడు పై పొరలో చూపుకు సంబంధించిన భాగమైన దృష్టి కార్టెక్స్‌లోని ఆరు ప్రాంతాల నుంచి, నాలుగు పొరల నుంచి, పన్నెండు జన్యురకాల నుంచి దాదాపు 60,000 నాడీకణాల కార్యకలాపాన్ని నమోదు చేశారు. పుర్రెలో చిన్న గాజు కిటికీ అమర్చిన చిట్టెలుక తల కదలకుండా బిగించి ఉంటుంది, కాళ్ల కింద తిరిగే పళ్లెం ఉంటుంది. అది కావాలంటే పరుగెత్తుతుంది, లేదంటే నిలబడుతుంది. దాని కుడి కంటి ఎదుట తెర మీద కదిలే చారలు, నిలిచి ఉన్న చారలు, 118 ప్రకృతి చిత్రాలు, అక్కడక్కడ మెరిసే నలుపు తెలుపు మచ్చలు, సినిమా ముక్కలు చూపిస్తారు. మధ్యలో కొన్ని నిమిషాలపాటు బూడిదరంగు తెర మాత్రమే ఉంటుంది. ఆ సమయమంతా మైక్రోస్కోప్ 400 మైక్రాన్ల భుజం గల చదరాన్ని సెకనుకు 30 చిత్రాల చొప్పున తీస్తుంది. అదే చదరాన్ని వేర్వేరు రోజుల్లో మూడు విడతలుగా చూస్తారు.

వెబ్‌సైటులో నాకు ఎక్కువగా నచ్చినది ప్రతి కణానికీ గీసి పెట్టిన చిత్రపటం. కదిలే చారలకు కణం ఇచ్చిన స్పందనను నక్షత్రం ఆకారంలో చూపిస్తారు: ఎనిమిది చేతులు ఎనిమిది దిశలు, ఒక్కో చేతి మీద ఐదు వలయాలు చారల ఐదు వేగాలు, ప్రతి కూడలి దగ్గర ఉన్న చుక్కలు ఒక్కొక్క ప్రదర్శనకు వచ్చిన స్పందనలు. చుక్క ఎంత ఎర్రగా ఉంటే కణం అంత గట్టిగా స్పందించిందన్నమాట. ఇక్కడ సగటును మాత్రమే చూపించి ఊరుకోలేదు. ఒకే దిశలో, ఒకే వేగంతో చారలు పదిహేను సార్లు కదిలితే కణం కొన్నిసార్లు గట్టిగా పలికి, కొన్నిసార్లు అసలు పలకలేదని ఆ చుక్కల్లో స్పష్టంగా కనబడుతుంది. పాఠ్యపుస్తకంలో ప్రేరణ ఇస్తే స్పందన వస్తుందని ఒక బాణం గుర్తుతో తేల్చేసిన సంగతి, నిజమైన మెదడులో ఎంత ఊగిసలాటతో జరుగుతుందో ఈ పటం ముందు కూర్చున్న విద్యార్థికి వేరే చెప్పనక్కరలేదు. కోవూరు నుంచి వచ్చే ఒక అమ్మాయి దీన్ని చూసి, "ఏంది సార్, ఒకసారి పలికి ఇంకోసారి ఊరుకుంటే ఆ ఎలక చూసింది ఏందో ఈ కణానికి తెలిసినట్టా, తెలియనట్టా?" అని అడిగింది. నాడీశాస్త్రంలో నేటికీ పరిశోధన సాగుతున్న ప్రశ్న అది. కణాలు గుంపుగా కలిసి మోసే సమాచారం గురించి మాట్లాడటానికి అంతకంటే మంచి ప్రారంభం నాకు మరొకటి దొరకలేదు.

సినిమా ముక్కలకు వేసిన పటం గుండ్రంగా ఉంటుంది. 30 సెకన్ల ముక్కను పదిసార్లు చూపిస్తే పది వలయాలు ఏర్పడతాయి. ఒకే ఘట్టం దగ్గర అన్ని వలయాల్లోనూ ఎరుపు కనబడితే ఆ కణం ఆ దృశ్యాన్ని నమ్మకంగా గుర్తిస్తోందని అర్థం. పిల్లలు ఈ పటాలను ఎంతో ఆసక్తిగా వెతుకుతారు, తాము కనుగొన్న మంచి కణం సంఖ్యను ఒకరికొకరు చెప్పుకుంటారు. ఆ ఉత్సాహం చూసినప్పుడు ఎంతో సంతోషం కలుగుతుంది.

అయితే ఈ ఎరుపు చుక్కల వెనుక ఉన్న కొలత ఏమిటో చెప్పకుండా పిల్లలను వెబ్‌సైటు ముందు వదిలిపెట్టడం సరికాదు. ఈ సేవను వాడే అధ్యాపకుడికి నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే: మైక్రోస్కోప్ కొలిచింది కాంతిని, నాడీకణపు విద్యుత్ స్పందనను కాదు. నాడీకణంలో విద్యుత్ స్పందన ఒకటి రెండు మిల్లీసెకన్లలో ముగిసిపోతుంది. దానివల్ల పెరిగిన కాల్షియం, ఆ కాల్షియం వల్ల కలిగిన వెలుగు తగ్గడానికి వందల మిల్లీసెకన్లు పడుతుంది. రంగనాయకస్వామి గుడిలో గంట మోగుతుండగానే మళ్ళీ మళ్ళీ కొడితే, దూరాన ఉన్నవాడు మోత విని గంట మోగిందని చెప్పగలడు గానీ ఎన్ని దెబ్బలు కొట్టారో చెప్పలేడు. ఇక్కడ మనం ఆ దూరాన ఉన్నవారమే. పైగా చిత్రానికి చిత్రానికి మధ్య 33 మిల్లీసెకన్ల ఎడం ఉంటుంది. ఒకే ఒక్క స్పందన ఇచ్చిన కణం వెలుగు చాలాసార్లు నేపథ్యపు గందరగోళంలో కలిసిపోతుంది. కాంతి రేఖ నుంచి స్పందనల క్షణాలను గణితంతో ఊహించి, ఆ ఫలితాలను కూడా ఈ సంస్థ విడిగా ఇస్తోంది. అది ఉపయోగకరమే, కానీ అవి కొలిచిన స్పందనలు కావు, అంచనా వేసినవి.

ఈ తేడా చిన్నది కాదని సంస్థ తానే చూపించింది. ఇవే దృశ్యాలను చూపిస్తూ, మెదడులోకి న్యూరోపిక్సెల్స్ అనే సన్నని ఎలక్ట్రోడ్లు దించి విద్యుత్ స్పందనలను నేరుగా నమోదు చేసిన సమాచారాన్ని 2019లో ఇదే వెబ్‌సైటులో పెట్టారు. రెండింటినీ పోల్చిన పరిశోధన 2021లో వెలువడింది. ఎలక్ట్రోడ్లతో చూసినప్పుడు దృశ్యాలకు స్పందించే కణాల శాతం ఎక్కువగాను, మైక్రోస్కోప్‌తో చూసినప్పుడు కణాలు తమకు నచ్చిన దృశ్యానికే పరిమితమయ్యే గుణం ఎక్కువగాను కనబడింది. ఒకే మెదడు భాగం, ఒకే దృశ్యాలు, అయినా సాధనాన్ని బట్టి చిత్రం మారింది. తమ సమాచారం పరిమితిని తామే కొలిచి, రెండు రకాల సమాచారాన్నీ పక్కపక్కన పెట్టి అందరికీ చూపించిన ఈ నిజాయితీ వల్లనే నాకు ఈ సేవ మీద గౌరవం పెరిగింది. ఏ పరికరం చూపించినదైనా సత్యమేనని నమ్మే అలవాటున్న విద్యార్థులకు ఈ రెండు విభాగాలనూ కలిపి చూపించాలి.

జన్యుమార్పిడి చిట్టెలుకల విషయంలోనూ ఒక హెచ్చరిక ఉంది. చిన్న వయసు నుంచే కార్టెక్స్‌లో విస్తృతంగా జీక్యాంప్6 తయారయ్యే కొన్ని రకాల చిట్టెలుకల్లో మూర్ఛ తరంగాలను పోలిన అసహజ కార్యకలాపం కనిపించిందని 2017లో పరిశోధకులు ప్రకటించారు. ఆ పరిశోధనలో అలెన్ సంస్థవారు కూడా పాల్గొన్నారు. బతికున్న కణాన్ని వెలిగించడానికి పెట్టిన ప్రొటీనే కణం ప్రవర్తనను మార్చవచ్చన్న సంగతిని పిల్లలకు తప్పక చెప్పాలి. ఇది కాక, చిత్రంలో కణం అంచులను కంప్యూటర్ ప్రోగ్రామే గీస్తుంది, పక్క కణాల తంతువుల వెలుగును లెక్కకట్టి తీసివేస్తుంది. ఆ పనులు జాగ్రత్తగానే చేశారు. కానీ మూడు విడతల్లోనూ ఒకే కణాన్ని గుర్తించడం అన్నిసార్లూ వీలుపడలేదు, కాబట్టి ఒక విడతలో చూసిన కణం మరో విడతలో లేకపోతే కంగారు పడనక్కరలేదు.

మరో పరిమితి స్వభావసిద్ధమైనది. చిట్టెలుక మెదడులో ఏడు కోట్ల దాకా నాడీకణాలు ఉంటాయి. 60,000 అనేది వాటిలో వెయ్యో వంతు కూడా కాదు. అది కూడా ఒకేసారి చూసినవి కావు. ఏ ఒక్క విడతలోనైనా కనబడేది ఒక పలుచని పొరలోని కొన్ని పదుల లేదా కొన్ని వందల కణాలే. తల బిగించిన జంతువు తెర చూస్తున్నప్పటి మెదడు ఇది. మేత వెతుక్కుంటూ, భయపడుతూ, తోటి జంతువుతో మెలుగుతూ ఉన్న మెదడు కాదు. అయినా తిరిగే పళ్లెం ఉండటం చాలా మేలు చేసింది. చిట్టెలుక పరుగెత్తుతున్నప్పుడు దృష్టి కార్టెక్స్ కణాలు మరింత గట్టిగా స్పందిస్తాయని నీల్, స్ట్రైకర్ 2010లో చూపించారు. ఇక్కడ పరుగు వేగం ప్రతి విడతకూ నమోదై ఉంది గనుక, ఆ సంగతిని విద్యార్థులే స్వయంగా పరీక్షించవచ్చు.

ఈ సమాచారం నుంచి సంస్థ శాస్త్రవేత్తలు 2020లో ప్రచురించిన ఫలితం కూడా తరగతిలో చర్చించదగినది. పిల్లుల మెదడులో హ్యూబెల్, వీజెల్ చేసిన పరిశోధనల వల్ల, దృష్టి కార్టెక్స్ కణం అంటే ఒక వాలుకు, ఒక దిశకు స్పందించేది అన్న అవగాహన స్థిరపడింది. వారికి 1981లో నోబెల్ బహుమతి వచ్చింది. మన పుస్తకాల్లో నేటికీ అదే బొమ్మ ఉంటుంది. కానీ ఇన్ని వేల కణాలను చూసినప్పుడు, చారలకు స్పందించిన కణం ప్రకృతి చిత్రాలకు స్పందిస్తుందా లేదా అని ముందుగా చెప్పలేమని తేలింది. పాత నమూనా తప్పని దీని అర్థం కాదు. అది వర్ణించగలిగిన కణాలు కొన్ని, వర్ణించలేనివి చాలా ఉన్నాయి. ఒక బొమ్మను చూసి మొత్తం మెదడును అర్థం చేసుకున్నామని అనుకునే విద్యార్థికి, అధ్యాపకుడికి కూడా ఈ ఫలితం చాలా అవసరం.

వాడకంలో వచ్చే ఇబ్బందులు చెప్పాలి. వెబ్‌సైటులో పటాలు చూడటానికి మామూలు ఇంటర్నెట్ చాలు, ప్రొజెక్టరు ఉంటే తరగతి మొత్తానికి చూపించవచ్చు. విశ్లేషణ చేయాలంటే మాత్రం ఒక్కో విడతకు వందల మెగాబైట్ల ఫైలు దించుకోవాలి, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవాలి, సంస్థ ఇచ్చిన ప్రోగ్రాముల సంచయాన్ని కంప్యూటర్‌లో విడిగా ఏర్పాటు చేసుకోవాలి. జంతుశాస్త్రం చదివే పిల్లలకు ఇది కొత్త పని కాబట్టి కంప్యూటర్ సైన్సు విభాగం సాయం తీసుకోవడం మేలు. మా కళాశాలలో ఆ విభాగం విద్యార్థులు, మా విద్యార్థులు జంటలుగా కూర్చున్నప్పుడు పని సాఫీగా సాగింది. మైక్రోస్కోప్ తీసిన అసలు వీడియోల జోలికి మాత్రం వెళ్లవద్దు. 512 చుక్కల భుజం గల చిత్రం, చుక్కకు రెండు బైట్లు, సెకనుకు 30 చిత్రాలు, గంటసేపు అని లెక్క వేస్తే ఒక్క విడతకే 56 గిగాబైట్లు దాటుతుంది. మా ప్రయోగశాల కంప్యూటర్లు దానిని తెరవలేవు, తెరవవలసిన అవసరమూ లేదు. వివరణ అంతా ఇంగ్లీషులోనే ఉంది. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లలకు ముందుగా ఒక పేజీ వివరణ తెలుగులో రాసి ఇస్తే, తరువాత పటాలను చదవడం వారికి ఏమాత్రం కష్టం కాదు.

ఇంత శ్రమ పడేకన్నా ఒక చిన్న మైక్రోస్కోప్ కొనుక్కోవచ్చు కదా అని కొందరు అడుగుతున్నారు. చిట్టెలుక తల మీద మోయగలిగిన 1.9 గ్రాముల మైక్రోస్కోప్‌ను స్టాన్‌ఫర్డ్ బృందం 2011లోనే ప్రకటించింది. లాస్ ఏంజిలస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (యూసీఎల్ఏ) వారి మినిస్కోప్ నిర్మాణ పథకం అందరికీ ఉచితంగా దొరుకుతుంది. స్వేచ్ఛగా తిరిగే జంతువు మెదడును చూడగలగడం వాటి గొప్పతనం. కానీ పరికరం చేతికి వచ్చినంత మాత్రాన పని జరగదు. శస్త్రచికిత్స, జన్యువును చేర్చే వైరస్, మెదడులోకి దించే కటకం, నియమాల ప్రకారం నడిచే జంతుగృహం, నైతిక సంఘం అనుమతి, కేంద్ర ప్రభుత్వ పర్యవేక్షణ సంఘంలో నమోదు, ఇవన్నీ ఉండాలి. అది పరిశోధన సంస్థల పని. డిగ్రీ పాఠం కోసం ఒక్క జంతువును కూడా అదనంగా బాధపెట్టకుండా, ఇప్పటికే సేకరించిన సమాచారాన్ని చివరి అంకె వరకు వాడుకోవడం ఆ 243 ప్రాణుల పట్ల మనం చూపించవలసిన కనీస మర్యాద అని నేను గట్టిగా నమ్ముతాను.

కొత్తగా మొదలుపెట్టేవారు అన్ని ప్రాంతాలనూ ఒకేసారి తెరవవద్దు. వెతికే పెట్టెలో ప్రాథమిక దృష్టి కార్టెక్స్‌ను, తక్కువ లోతును ఎంచుకుని, కదిలే చారలకు బాగా స్పందించే కణాలు ముందు వచ్చేలా అమర్చుకుంటే మొదటి తరగతికి కావలసిన నక్షత్ర పటాలు వెంటనే దొరుకుతాయి. వాటి తరువాత తప్పకుండా జాబితా చివరన ఉన్న, దేనికీ సరిగా స్పందించని కణాలను కూడా తెరిచి చూపించండి, ఎందుకంటే ఈ సమాచారంలో కణాలను వర్గాలుగా విడదీస్తే అటువంటి కణాల వర్గమే అన్నిటికంటే పెద్దది. రెండో తరగతికి పరుగు వేగం, మూడో తరగతికి న్యూరోపిక్సెల్స్ సమాచారంతో పోలిక పెట్టుకోవచ్చు. ఫైళ్లను సెమిస్టరు మొదలయ్యేలోగా ఒక హార్డ్‌డిస్క్‌లోకి దించి ఉంచుకుంటే, తరగతి జరిగే రోజు నెట్‌వర్క్ ఉన్నా లేకపోయినా పాఠం ఆగదు.